చచ్చినవాడి షికారు

“నిన్న సాయంత్రం గూడ వచ్చిండ్రు,” అంది రాధాబాయి.

డిటెక్టివ్ వైకుంఠం చాయ్ కప్పును సాసరులో పెట్టాడు.

“ఎవరొచ్చిండ్రు బాయిగారూ?”

“ఇంకెవరు? మా వారు.”

విఠల్‌రావు పోయి అయిదు రోజులయింది. జహనుమాలోని ఈ పాత బంగళా నుంచి ఆయన్ని పురానాపూల్ ఒడ్డుకు మోసుకుపోయినవాళ్లు చితి చల్లారిందాకా అక్కడే ఉండి వచ్చారు. అందులో సందేహమేమీ లేదు. కాని ఆయన భార్య మేడమీది కిటికీ పక్కన పీట వేసుకుని, పెరటివైపు చెయ్యి చాపి, మొగుడు షికారుకు వస్తున్నాడని చెబుతోంది. ఆ మాటలో ఏడుపు లేదు. పాలవాడు వచ్చి వెళ్లాడన్నట్టుగా ఉంది.

“ఎక్కడ నడుస్తరు?”

“అదో, ఆ ఎండిపోయిన నీళ్ల హౌజ్ చుట్టు. ఎప్పటి తీర్గనే. నల్ల షేర్వానీ, చెవులు మూసే ఉన్ని టోపీ, చేతిల కట్టె. దీపాలు వెట్టే యాళ్లకు వస్తరు, చీకటి వడంగనే పోతరు.”

“మొఖం కనవడ్డదా?”

“నా కండ్లల్ల పొర వచ్చె. మనిషి ఆనవాలు తెలుస్తది గని మొఖం తెల్వది. అయినా మొగుణ్ణి పోల్చుకోనీకె మొఖమే చూడాల్నా నాయనా?”

“కిందికి దిగి దగ్గర్నుంచి చూడలేదా?”

“మోకాళ్లు వంగితె గద! దేవునికి మొక్కిన ప్రదక్షిణలే గుడిల గుండయ్యతోని తిప్పించిన. ఇగ ఈ మెట్లేం దిగుత?”

తలుపు చాటున నిలబడ్డ పనిమనిషి నీలమ్మ ఇక ఆగలేకపోయింది. “నేను గూడ విన్న సాబ్. కట్టె సప్పుడు. టక్కు... టక్కు... అడుగుల సప్పుడు మాత్రం లేదు. దయ్యాలకు పాదాలుండయంటరు గద!”

“నువ్వు చూసినవా?”

“నేనెందుకు చూస్త? గొంగడి కప్పుకొని పొయ్యి కాడ కూసున్న.”

మరో రోజైతే వైకుంఠం నవ్వేవాడే. ఇవాళ తీరిక లేదు. శాలిబండలో దవాఖానా పెట్టుకున్న డాక్టర్ కోమలవల్లి పొద్దున్నే వచ్చి అతని గుమ్మం తట్టింది. విఠల్‌రావు రక్తంలో కొవ్వు పేరుకుందని మాత్రలిచ్చింది ఆమే, రోజూ నడవాలని చెప్పిందీ ఆమే. ముసలాయన గుండె ఆగి పోయాడు. కొత్తరకం మందు మింగించి, పైగా నడిపించి మరీ చంపిందని ఆయన అన్న కొడుకు వామన్‌రావు ఫిర్యాదు చేశాడు. సాయంత్రం ఆమెను ఠాణాకు తీసుకుపోతానని ఇన్స్‌పెక్టర్ వేణుగోపాల్ కబురు పెట్టాడు. ఒకసారి ఠాణా మెట్లెక్కిన లేడీ డాక్టరు దగ్గరికి ఈ బస్తీలో మళ్లీ ఏ ఇంటి ఆడకూతురు వస్తుంది? దవాఖానాకు తాళమే.

“ఆ మాత్రలు వేసుకుంటె ఆయనకు ఏమయ్యేది బాయిగారూ?”

“దానిమ్మ పువ్వే! మొఖం, మెడ, చెవులు ఎర్రగ మండిపోయేవి. కొంచెం సేపటికి తగ్గేది. గట్లనే అయితదని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనైతే ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిల వేసేదాన్ని, దిష్టి తగిలిందేమోనని.”

“ఆఖరిదాక ఎర్రబడేదా?”

రాధాబాయి చీరకొంగు వేలికి చుట్టుకుని ఆలోచించింది.

“లేదు. ఆఖర్ల ఎర్రబడుడు బందైంది. ఒంటికి అలవాటైంది కాకీ, ఫికర్ చెయ్యకు అని మా వామన్ అన్నడు. దవాఖానాకు వోయి మాత్రలు తెచ్చేది వాడే గద.”

“బందైనంక ఆయన తబియత్ ఎట్లుండె?”

“గప్పటి సందే చెడింది. అన్నం సయించలే. వాంతులు. ఒకనాడు నేను దీపం వెట్టి దండం వెట్టుకుంటుంటె, ‘దీపానికి పసుపెందుకు పూసినవే?’ అని ఒకటే లొల్లి. తెల్ల ధోవతి చేతికిస్తె పసుపు బట్ట ఇచ్చినవని ఇసిరికొట్టిండ్రు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వకపాయె.”

వైకుంఠం ఆ మాటను మనసులో ఒక మూలన భద్రం చేసుకున్నాడు. దాని అర్థం అతనికి తెలియదు. తెలిసినవాళ్లను సాయంత్రం అడగొచ్చు.

“ఒక్కటే మాట. షికారు చేసేటప్పుడు ఆయన మీ కిటికీ దిక్కు చూసెటోరా?”

రాధాబాయి కిటికీ వైపు తిరిగింది. “అదే నా దుఃఖం. ఇంట్ల ఒక చెంబు ఎత్తినా ‘రాధా, చూస్తున్నవా?’ అనేటి మనిషి. హౌజ్ చుట్టు తిరిగేటప్పుడు మాత్రం ఒక్కనాడన్న తలెత్తలే. నేను చెయ్యి ఊపినా ఇటు చూడలే. నడక మీద అంత ధ్యాస వెట్టిండ్రనుకున్న. ఇప్పుడు గూడ చూస్తలేరు.”

*

పెరడు ఒకప్పటి తోట. ఇప్పుడు పిచ్చిమొక్కలు మోకాలి ఎత్తు పెరిగాయి. నడుమ రాతి హౌజ్ నోరు తెరుచుకుని ఉంది. ఒక చివర దివాన్‌ఖానా, అంటే విఠల్‌రావు పగలు కూర్చునే ఒంటి గది. దాని వెనక సందులోకి తెరుచుకునే చిన్న దిడ్డి తలుపు. వైకుంఠం ముందు ఆ గదిలోకి వెళ్లాడు.

మంచం కింద తెల్ల కాన్వాస్ బూట్లు జతగా ఉన్నాయి. షికారు కోసమే కొన్నారని నీలమ్మ చెప్పింది. అతను వాటిని తిరగేశాడు. అడుగున మట్టి అంటిన జాడ లేదు. దుకాణంలో అంటించిన కాగితం ముక్క మడమ దగ్గర ఇంకా అలాగే ఉంది.

మంచం వెనక చెయ్యి పెట్టి వెతికితే పొట్లాలు బయటపడ్డాయి. జిలేబీ పాకం గట్టిపడ్డ ఆకులు, మిరపకాయ బజ్జీల నూనె పీల్చిన కాగితాలు. దిండు కింద పచ్చీసు గవ్వలు. ఈ గది కిటికీకి మాత్రం మందమైన పరదా వేలాడుతోంది.

“భేష్,” అనుకున్నాడు వైకుంఠం. “మంచి కసరత్తే చేసినవ్ రావుసాబ్.”

అప్పుడు కొయ్యకు వేలాడుతున్న షేర్వానీ మీద అతని చూపు పడింది. నల్లది. అయిదు రోజులుగా తొడిగినవాడు లేడు. అతను కాలరు లోపల వేలు పెట్టాడు.

తడిగా ఉంది.

వేలు వెనక్కి లాక్కున్నాడు. గదిలో ఎవరో నిలబడి తనను చూస్తున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగితే ఉన్ని టోపీ తప్ప ఏమీ లేదు. టోపీ లోపలి నుంచి చెమట వాసన వస్తోంది. నిన్నటి చెమట. దయ్యాలకు పాదాలుండవేమో గాని చెమట పడుతుందని ఎవరూ చెప్పలేదు.

బయటికి వచ్చి హౌజ్ చుట్టూ వంగి చూశాడు. పిచ్చిమొక్కల మధ్య అరిగి నున్నబడ్డ బాట ఒకటి గుండ్రంగా ఉంది. నిన్న మధ్యాహ్నం పడ్డ జల్లుకు మట్టి మెత్తబడింది. అందులో అడుగులు స్పష్టంగా దిగాయి. వేళ్లు విడివిడిగా పడ్డ బోసి పాదాలు. ప్రతి అడుగూ ఒకే దిక్కుకు, హౌజ్‌ను కుడిచేతివైపు ఉంచుకుని. ఎదురు తిరిగిన అడుగు ఒక్కటి లేదు. బాట మొదలయ్యే చోట రాయి మీద నాలుగు పసుపు బియ్యపు గింజలు, వాడిన గన్నేరు పువ్వు.

వైకుంఠం ఆ గింజల్ని అరచేతిలో వేసుకుని చూశాడు. షికారుకు పోయేవాడు బూట్లు విప్పడు. అక్షతలు చల్లి మొదలుపెట్టడు.

“శవపూజ చేస్తున్నవా వైకుంఠం అన్నా?”

*

దిడ్డి దగ్గర ఇన్స్‌పెక్టర్ వేణుగోపాల్ బెల్టులో బొటనవేళ్లు దోపుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు వైకుంఠం చేతికింద పనిచేసినవాడు. ఆ సంగతి మరచిపోలేడు, ఎదుటివాణ్ణి మరచిపోనివ్వడు. పక్కన సన్నగా, శుభ్రంగా దువ్వుకున్న తలతో వామన్‌రావు. వెనక కోమలవల్లి. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు, నడక మాత్రం తొణకలేదు.

“డాక్టరమ్మను ఇక్కడికెందుకు తెచ్చినవ్?” అన్నాడు వైకుంఠం.

“మనిషి చచ్చిన జాగ చూపిస్తె ఒప్పుకుంటదేమోనని. అటు నుంచి అటే ఠాణాకు.”

“ఏం ఒప్పుకోవాలె?”

“సీదా కథ అన్నా. మొఖం కొలిమి లెక్క మండే మాత్రలు మింగించింది. రోజూ నడువుమన్నది. రోజూ నడిచిండు. బాయిగారు చూసింది, ఇరుగుపొరుగు చూసిండ్రు. గుండె ఆగింది. ఇంక నువ్వేం తవ్వుతవ్?”

కోమలవల్లి ఇక ఊరుకోలేదు. “అది విషం కాదు ఇన్స్‌పెక్టర్ సాబ్. జొన్నరొట్టె తప్ప ఇంకేం దొరకని పేదలకు చర్మం పగిలే రోగం వస్తే ఇచ్చే మాత్రనే అది. ఎక్కువ మోతాదుల ఇస్తే రక్తంల కొవ్వు దిగుతదని ఈ మధ్యనే తేలింది. మందుతోపాటు నడక గూడ ఉండాలె. కాని నా దగ్గర మాత్రలు తీసుకునేటోళ్లు ఏం చేస్తరో ఎర్కనా? మాత్ర మొదలువెట్టిన దినం నుంచి చెప్పులు మూలకు వడేస్తరు. మందు పని చేస్తుంది గద, నేనెందుకు నడవాలె అంటరు. అదివరకు మార్కెట్‌కు నడిచి వోయేటోళ్లు గూడ రిక్షా ఎక్కుతరు. విఠల్‌రావుగారొక్కరే మాట విన్నరని నేను మస్తు సంతోషపడ్డ.”

“ఆయన గూడ వినలేదు డాక్టరమ్మా,” అన్నాడు వైకుంఠం.

వేణుగోపాల్ పకపక నవ్వాడు. “మరి నడిచిందెవరు? నీ తాతనా?”

“బూట్ల అడుగున దుకాణం కాగితం ఇంకా ఉన్నది, వోయి చూడు. మంచం వెనక జిలేబీ ఆకులున్నయ్. విఠల్‌రావు పరదా దించుకుని బజ్జీలు తినుకుంట పచ్చీసు ఆడిండు. ఆ టైంల హౌజ్ చుట్టు తిరిగిన మనిషి వేరు.”

“కాకాకు అబద్ధమాడే అలవాటు లేకుండె,” అన్నాడు వామన్‌రావు మెల్లగా. ఇంతసేపట్లో అతను నోరు విప్పటం అదే మొదలు. “పోయినాయన మీద నిందలెందుకు వైకుంఠంగారూ?”

“నిందలు గాదు. పచ్చీసు ఒక్కడే ఆడలేడు గద. రెండో మనిషెవరా అని చూస్తున్న.”

వామన్‌రావు దువ్వుకున్న జుట్టును మళ్లీ దువ్వుకున్నాడు, చేత్తోనే.

“డాక్టరమ్మా,” వైకుంఠం ఆమెవైపు తిరిగాడు. “ఆఖరి రోజుల్ల ఆయన మొఖం ఎర్రబడలే. అన్నం సయించలే, వాంతులు. దీపానికి పసుపెందుకు పూసినవని పెండ్లాం మీద లొల్లి వెట్టిండట. ఏంది గిది?”

కోమలవల్లి చెయ్యి దివాన్‌ఖానా గుంజను పట్టుకుంది.

“ఎవరు చెప్పిండ్రు మీకు?”

“బాయిగారు.”

“నాకెవ్వరు చెప్పలే! తబియత్ బాగుంది, నడుస్తున్నరు అనే వామన్‌రావుగారు చెప్పుకుంట వచ్చిండ్రు.” ఆమె గుంజ వదిలి వైకుంఠం ముందుకు వచ్చింది. “గుండె బలహీనమైనోళ్లకిచ్చే మందు ఒకటున్నది, డిజిటాలిస్. తగు మోతాదుల ప్రాణం నిలవెడ్తది, మించితే తీస్తది. మించినప్పుడు వాంతులైతయ్. కండ్లకు అన్నీ పసుపుపచ్చగ కనవడ్తయ్. ఆ మందు నేనీయలేదు. ఇచ్చే అవసరమే లేదు.”

“అంటె సీసాల మాత్రలు మారినయన్నమాట.”

వేణుగోపాల్ నవ్వు ఆపాడు. తెలివితక్కువవాడు కాదు అతను, తొందరగలవాడు. “మాట బాగున్నది. సీసా ఏది? శవం కాలిపోయె. సీసా లేదు, నేను ఇల్లంత వెతికించిన. మారినయని ఎవడన్న చెప్పొచ్చు. డాక్టరమ్మనే మార్చిందంటె?”

వైకుంఠం హౌజ్ చుట్టూ ఉన్న బాట వైపు చూశాడు. వేణుగోపాల్ మీసం సర్దుకున్నాడు.

“దీపాలు వెట్టే యాళ్లదాక ఆగు,” అన్నాడు వైకుంఠం.

“ఎందుకు?”

“చచ్చినాయన షికారుకు వస్తడు. ఆయన్నే అడుగుదాం.”

“దయ్యాన్ని సాక్షి ఎక్కిస్తవా! సరే అన్నా, పాత సోపతి. దీపాలదాక టైం ఇస్తున్న. దాని తర్వాత డాక్టరమ్మ జీపు ఎక్కుడే.”

వామన్‌రావు జేబుగడియారం తీసి చూశాడు. “మీరు కానియ్యండి. దశదినాల సామాను తేవాలె, బేగంబజార్‌ల దుకాణాలు మూసేస్తరు.” సైకిలు నడిపించుకుంటూ సందులోకి వెళ్లిపోయాడు. వెళుతూ దిడ్డి తలుపు మూస్తే, వైకుంఠం మళ్లీ వెళ్లి ఓరగా తెరిచిపెట్టాడు.

*

పొద్దు గుంకింది. ముగ్గురూ హౌజ్ వెనక తుప్పల్లో ముడుచుకుని కూర్చున్నారు. మేడమీద కిటికీలో రాధాబాయి తెల్లటి ఆకారం. ఆమె కూడా ఎదురుచూస్తోంది.

ఎక్కడో సైకిలు గంట మోగి ఆగిపోయింది. దోమల రొద. తర్వాత ఆ రొద కూడా వినిపించలేదు, లేదా వైకుంఠం చెవులు వేరే చప్పుడు కోసం బిగుసుకుపోయాయి.

దిడ్డి తలుపు కిర్రుమంది. దివాన్‌ఖానా చీకట్లో ఏదో కదిలింది. గుసగుసగా ఏవో మాటలు, పేరు చెప్పుకుంటున్నట్టు. ఆ పేరు వినబడగానే కోమలవల్లి నోరు కొంగుతో మూసుకుంది. విఠల్‌రావు పేరు అది.

టక్కు.

నల్ల షేర్వానీ బయటికి వచ్చింది. ఉన్ని టోపీ. కట్టె. తల వంచుకుని నడుస్తోంది. అడుగుల చప్పుడు లేదు. టక్కు... టక్కు... కుడిచేతి పక్కన హౌజ్, ఎడమచేతి పక్కన చీకటి. వేణుగోపాల్ ఊపిరి వైకుంఠం మెడకు వేడిగా తగిలింది. ఆ పాత స్నేహితుడి చెయ్యి తన మోచేతిని పట్టుకుని ఉందని వైకుంఠం అప్పుడే గమనించాడు.

ఆకారం మొదటి చుట్టు పూర్తిచేసింది. రెండో చుట్టులో తూలింది. నిలదొక్కుకుంది. మళ్లీ నడిచింది.

మూడో చుట్టులో తమ ముందుకు రాగానే వైకుంఠం లేచి దాని భుజం పట్టుకున్నాడు. చేతికి ఎముకలు తగిలాయి. వెచ్చటి ఎముకలు.

“వదులుండ్రి సామీ! ఆపొద్దు! చుట్టు నడుమల ఆపొద్దు!”

వేణుగోపాల్ టార్చి వేసి టోపీ లాగాడు. పిలక, నుదుట నామం, లోపలికి పోయిన దవడలు. కళ్లనిండా భయం.

“గుడిల పనిచేసే గుండయ్యవు గదా?” అన్నాడు వైకుంఠం. “బాయిగారి మొక్కు తీర్చినాయనవు.”

“అవును బాపూ.”

“ఇక్కడేం చేస్తున్నవ్?”

“ప్రదక్షిణలు. విఠల్‌రావుగారి గోత్రం చెప్పి, వారి పేరు మీద సంకల్పం చెప్పుకున్న. మండలం, నలభై దినాలు. డాక్టరమ్మ నడువుమన్నదంట. ‘నా జపాలు నువ్వే చేస్తివి, మొక్కులు నువ్వే తీరిస్తివి, గీ నడక గూడ నువ్వే నడువు, ఫలం నాకొస్తది’ అన్నరు. నా బట్టలే తొడుక్కో, మా ఇంటామె పైనుంచి చూస్తది అన్నరు. నేను మడి తప్పకుండ బోసి కాళ్లతోనే తిరిగిన.”

కోమలవల్లి నవ్విందో ఏడ్చిందో చీకట్లో తెలియలేదు. “ఫలం... నడక ఫలం...” అని మాత్రం అంది.

“మనిషి పోయినంక గూడ ఎందుకు తిరిగినవ్?” అన్నాడు వేణుగోపాల్.

గుండయ్య ఇన్స్‌పెక్టర్‌ను జాలిగా చూశాడు. “సంకల్పం చెప్పినంక నడుమల ఆపుతరా సాబ్? కర్త పోతె పోయిండు. మండలం భంగమైతె ఆయనకు గతి లేదు, నాకూ లేదు. వామన్‌రావుగారు గూడ మీ తీర్గనే అన్నరు, బంద్ చెయ్యి, ఊరు వోయి ఉండు అని. నేను చెయ్యనన్న. రేపటితోని నిండుతది.”

వైకుంఠానికి విషయం అర్థమైంది. వామన్‌రావు పిల్లల్లేని కాకా బంగళా కోసం అన్నీ లెక్క వేసుకున్నాడు. మాత్రలు మార్చాడు, ముసలాడు నడుస్తున్నాడని లోకాన్ని నమ్మించాడు, తప్పు డాక్టరు మీదికి తోశాడు. లెక్కకు అందనిది ఒక్కటే. మొదలుపెట్టిన మండలం ఆపడం చేతకాని మనిషి. ఆ మనిషి నోరు విప్పితే కథంతా కూలిపోతుంది.

“నువ్వు చెయ్యనంటె వామన్‌రావు ఊరుకున్నడా?”

“ముందు కోపం జేసిండు. తెల్లారి మంచిగనే వచ్చిండు. ‘సరే గుండయ్యా, కాళ్లకు బలం ఉండాలె గద, కాకా మాత్రలు మిగిలినయ్, వృథా ఎందుకు’ అని ఇచ్చిండు. పొద్దుమాపు మూడేసి మింగుమన్నడు.”

నడుముకు చుట్టిన పంచె మడతలోంచి చిన్న గాజుసీసా తీసి టార్చి వెలుగులో పెట్టాడు. వేణుగోపాల్ దాన్ని రుమాలుతో అందుకున్నాడు. వెనక్కి తిరిగి గేటు దగ్గరి కానిస్టేబుల్‌ను కేకేశాడు. “ఉప్పుగూడ స్టేషన్‌కు ఉరుకు! బేగంబజార్ మాట సాకు, వామన్‌రావు రైలెక్కుతడు. పట్టుకో!” తర్వాత కోమలవల్లి వైపు చూసి, తల కొంచెం వంచాడు.

ఆమె చూడలేదు. గుండయ్య మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. ఆమె పెదవులు లెక్కపెడుతున్నాయి. మధ్యలో ఆగాయి, ఆ నాడిలాగే.

“ఎన్ని దినాల నుంచి మింగుతున్నవ్? చెప్పు! ఎన్ని మింగినవ్?”

“మూడు దినాల సంది... సగం సీసా ఒడిసింది. ఎందుకమ్మా గట్ల అరుస్తున్నవ్?”

“జీపు తెండి,” అంది ఆమె. “నన్ను ఎక్కిద్దామనుకున్న జీపే తెండి. దవాఖానాకు. జల్ది!”

కేకలు విని నీలమ్మ ధైర్యం తెచ్చుకుని లాంతరు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఆ వెలుగు మొహాన పడగానే గుండయ్య చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చిన్నపిల్లవాడిలా కళ్లు చిట్లించి లాంతరును, నీలమ్మను, మేడమీది కిటికీని ఒకదాని తర్వాత ఒకటిగా చూశాడు.

“ఏందమ్మా,” అన్నాడు, “దీపానికి పసుపెందుకు పూసిండ్రు?”

పైన కిటికీలో రాధాబాయి గొంతు చించుకుని అరిచింది. అయిదు రోజులుగా ఏడవని మనిషి.

“మా వారే! విన్నరా? మా వారే వచ్చిండ్రు!”